అంటనానరివోకి కొత్తగా వచ్చినా: ఇల్లు, నీళ్లు, ఈ మిలిటరీ సంగతి

అనంతపురం తమ్ముడు:
అన్నలకూ అక్కలకూ నమస్కారం. మడగాస్కర్ రాజధాని అంటనానరివోకొచ్చి కొద్దిరోజులే అయింది. ఆఫీసులో చదువుకున్నోళ్లు గూడా 2025లో తిరగబడి ఇక్కడి ప్రభుత్వాన్ని దించిన మిలిటరీనే మెచ్చుకుంటాండారు. తుపాకి పట్టుకొని గద్దెనెక్కినోళ్లను జనం ఎందుకు నమ్ముతారు? వాళ్ల ముందర నేనేం మాట్లాడాల?

ధర్మవరం అన్న:
తమ్ముడూ, ముందు ఇల్లు జాగ్రత్త. నేను దిగిన ఇంటి ఓనరు నీళ్లకు కొదవే లేదన్నాడు. అడ్వాన్సు చేతిలో పడినాక చూస్తే కొళాయిలో గాలి తప్ప ఏమీ రాలే. అడిగితే నీళ్ల ఆఫీసుకు పొమ్మన్నాడు, ఆఫీసోళ్లు రేపు రమ్మన్నారు. ఖాళీ చేస్తానంటే అడ్వాన్సు ఎగ్గొట్టినాడు. రాత్రి పొద్దుపోయినాక పసుపు క్యాన్లు పట్టుకొని వీధి కొళాయి కాడ నిలబడేవాణ్ణి. నా ముందర బడి టీచరు, వెనక చంటిబిడ్డ తల్లి.

2025 సెప్టెంబరు 25న నీళ్లు, కరెంటు కోసం పిల్లోళ్లు రోడ్డెక్కింది ఈ కడుపుమంటతోనే. వాళ్ల మీద బాష్పవాయువు, తూటాలు. కనీసం 22 మంది చనిపోయినారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. అక్టోబరు 11న క్యాప్సాట్ అనే సైనిక దళం, కాల్చమంటే కాల్చొద్దని తోటి సైనికులకు పిలుపిచ్చి, జనంతో కలిసి నగరంలోని ‘మే 13’ అనే కూడలికి వచ్చింది. మా పక్కింటామె ఆ పొద్దు ఏడ్చింది. ఆమె కొడుకు ఆ గుంపులో ఉండాడు. కాల్చనన్నోణ్ణి ఏ తల్లి కాదంటుంది?

ప్రొద్దుటూరు అన్న:
అది సగమే. 2009లోనూ ఇదే క్యాప్సాట్. ఫిబ్రవరి 7న అధ్యక్ష భవనం కాడ కాపలా సైనికులు జనాన్ని కాల్చినారు. మార్చిలో ఈ దళం తిరగబడింది, అప్పటి అధ్యక్షుడు రవలొమనానా దిగిపోయి, ఆయన్ను ఎదిరించిన రజొయెలినా గద్దెనెక్కినాడు. అప్పుడూ చప్పట్లు కొట్టినారు. 2025లో దేశం విడిచిపోయింది ఆ రజొయెలినానే.

కోయిలకుంట్ల అక్క:
మన సీమ సంగతి మరిచిపోతే ఎట్లా? 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కట్టుబడులు నడిచినారు. ఊరి కాపలా వాళ్ల పని. దానికిచ్చిన ఈనాం భూములను కుంపిణీ లాక్కునింది. నోటికాడ కూడు పోయినాకే ఆయుధం పట్టినారు.

ప్రొద్దుటూరు అన్న:
అక్కా, అది పరాయి దొరతనం. ఇక్కడ 2025లో దించింది, రజొయెలినా తర్వాత ఎన్నికల్లో ఓట్లతో తెచ్చుకున్న ప్రభుత్వాన్ని. రెండూ ఒకటి కాదు.

కోయిలకుంట్ల అక్క:
ఓటేసినోళ్ల మీదే తూటా పేల్చినాక ఆ ఓటుకు విలువేముందన్నా?

ప్రొద్దుటూరు అన్న:
విలువ ఉండబట్టే మళ్లీ ఎన్నికలు అడగాల. మిలిటరీ ఎక్కించినోణ్ణి దించనీకి మళ్లీ మిలిటరీయే రావాల్సొచ్చింది, చూసినాం గదా.

ఆదోని అన్న:
పిల్లోడు అడిగింది వదిలేసి మీరు వాదులాడుకుంటాండారు. తమ్ముడూ, రాజకీయం వాళ్లను మాట్లాడనీ, నువ్విను. ఊరేగింపుల దగ్గరికి పోవద్దు, జవాన్ల ఫొటోలు తీయొద్దు. పాస్‌పోర్టు నకలు జేబులో ఉండాల. మన ఎంబసీలో పేరు రాయించుకో. ఇల్లు చూడనీకి సాయంత్రం పో, కొళాయి తిప్పి నీళ్లొస్తేనే అడ్వాన్సియ్యి. రసీదు లేకుండా మాత్రం ఇయ్యొద్దు.