వీడియో రెజ్యూమె పంపాలా, కాగితం చాలా?

మినీబైపాస్:
కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల లాజిస్టిక్స్ ఆఫీసులకి, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారులకి అప్లై చేసే మన పిల్లలు రెజ్యూమెతోపాటు వీడియో కూడా పంపాలా? అందరూ చెయ్యాల్సిందేనని కొందరు అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి_కుర్రోడు:
పనిని బట్టి అన్నా. విదేశీ కొనుగోలుదారుతో ఫోన్లో బేరం మాట్లాడే పనైతే పంపాలి, మాటతీరు కాగితం మీద కనపడదు. అకౌంట్స్, స్టోర్స్‌కి అక్కర్లేదు. వెల్డరైతే ముఖం కూడా వద్దు. అతుకు మీద గట్టిపడిన పెంకు (స్లాగ్) కొట్టేసి, బ్రష్ పెట్టి, వెల్డింగ్ అతుకు గీత (బీడ్) మొదలు నుంచి చివరిదాకా దగ్గర్నుంచి నిదానంగా చూపిస్తే 40 సెకన్లు చాలు. అతుకు అంచున గాడి (అండర్‌కట్) పడిందో లేదో ఫోర్‌మన్‌కి అందులోనే తెలిసిపోద్ది.

దర్గామిట్ట:
వెల్డర్ సంగతి ఒప్పుకుంటా. మిగతావాళ్లకి మాత్రం నష్టమే తమ్ముడూ. మార్కులు, అనుభవం చూడకముందే రంగు, యాస, వెనకాల గోడ కనపడిపోతాయి. పైగా పెద్ద కంపెనీల్లో వడపోసే సాఫ్ట్‌వేర్ చదివేది రెజ్యూమెలో అక్షరాలని. టాలీ, జీఎస్టీ వచ్చని వీడియోలో చెబితే దానికి అందదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2020 నుంచి ఒక చట్టం అమలు చేస్తోంది. ఇంటర్వ్యూ వీడియోని ఏఐతో అంచనా వేయాలంటే ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, అభ్యర్థి అడిగితే 30 రోజుల్లో చెరిపెయ్యాలి. ఇక్కడ వాట్సాప్‌లో పంపిన వీడియో ఎన్ని ఫోన్లు తిరుగుద్దో ఎవరు చెప్పగలరు?

కావలి_కుర్రోడు:
అందుకే ఫైలు పంపకూడదు, లింకే ఇవ్వాలి. యూట్యూబ్‌లో 'అన్‌లిస్టెడ్' (వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లకే కనపడుద్ది) పెట్టి, పని అయిపోగానే తీసెయ్యాలి. 'ప్రైవేట్' పెడితే హెచ్‌ఆర్‌కి తెరుచుకోదు. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకు అవుద్ది, దానికి పర్మిషన్ ఇవ్వడం మర్చిపోతే చూసేవాళ్లు అక్కడే వదిలేస్తారు.

దర్గామిట్ట:
అన్‌లిస్టెడ్ లింకు కూడా ఎవరికైనా ఫార్వర్డ్ చెయ్యొచ్చు. కాబట్టి ఊరు, పుట్టినతేదీ, ఇంటి అడ్రసు వీడియోలో చెప్పకండి. ఆడపిల్లలకి ఇది మరీ ముఖ్యం.

ఒంగోలు_మంగమూరురోడ్డు:
తీసేవాళ్లు ఒక నిమిషంలో ముగించండి. ఫ్యాన్ ఆపండి, ఆ గాలి మైకులో హోరుమంటుంది. కిటికీ ఎదురుగా కూర్చోండి, వెనకాల ఉంటే ముఖం నల్లబడుద్ది. వైరున్న ఇయర్‌ఫోన్ మైకు చాలు, కాకపోతే చొక్కాకి రాసుకోకుండా చూసుకోండి. కాగితం చూసి చదివితే కళ్లు పక్కకి పోతాయి.

మినీబైపాస్:
లింకు రెజ్యూమెలో ఎక్కడ పెట్టాలి మరి?

ఒంగోలు_మంగమూరురోడ్డు:
ఫోన్ నంబరు కింద ఒక లైను. ప్రింటు ఇచ్చేచోట అదే లింకుకి క్యూఆర్ కోడ్ వెయ్యండి, ముందు మీ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోండి.