ఐరిష్ విస్కీని కొత్తగా తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లిఫీ తీరం (ప్రశ్న):
ఉద్యోగరీత్యా ఈ మధ్యనే డబ్లిన్‌కు వచ్చాను. ఇంతవరకు జేమ్సన్ తప్ప మరో ఐరిష్ విస్కీ రుచి చూడలేదు. ఇక్కడి దుకాణాల్లో సీసాల మీద సింగిల్ మాల్ట్, సింగిల్ పాట్ స్టిల్, బ్లెండెడ్ అని రకరకాలుగా రాసి ఉంటోంది. వీటి మధ్య తేడా ఏమిటి? స్కాచ్‌కూ దీనికీ ఉన్న భేదం మూడుసార్లు కాచడమేనా? ఒక్క సీసాతో మొదలుపెట్టాలంటే ఏది కొనాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

కార్క్ వాసి:
మీరు పాట్ స్టిల్‌తోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. సింగిల్ అంటే ఒకే బట్టీలో తయారైనదని అర్థం. మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే చేసే మాల్ట్ విస్కీని ఎన్నో దేశాల్లో చేస్తారు. మొలకెత్తించిన బార్లీకి పచ్చి బార్లీని కూడా జోడించి, పులియబెట్టి, పాట్ స్టిల్ అనే రాగి బట్టీల్లో కాచే ఈ పద్ధతి మాత్రం ఐర్లండ్ సొంతం. 18వ శతాబ్దంలో మొలకెత్తించిన బార్లీపై పన్ను పడినప్పుడు, ఆ భారం తగ్గించుకోవడానికి ఇక్కడివారు పచ్చి బార్లీ వాడకాన్ని పెంచారు. ఆ తరువాత దాని రుచికే జనం అలవాటుపడ్డారు. నేటి నిబంధనల ప్రకారం పాట్ స్టిల్ విస్కీలో ఈ రెండు రకాల బార్లీలో ఏదీ 30 శాతానికి తగ్గకూడదు. పచ్చి బార్లీ వల్ల నోటిలో నూనె వంటి చిక్కదనం, వెనుకనే మిరియాల ఘాటు తెలుస్తాయి. గ్రీన్ స్పాట్ గాని, పన్నెండేళ్ల రెడ్‌బ్రెస్ట్ గాని తీసుకోండి. మీరు తాగిన జేమ్సన్‌లోనూ పాట్ స్టిల్ విస్కీ ఉంది, కాని దానికి మొక్కజొన్న వంటి ధాన్యాలతో చేసే తేలికైన గ్రెయిన్ విస్కీ కలుపుతారు కాబట్టి అది బ్లెండెడ్ అవుతుంది. రెండింటినీ పక్కపక్కన పోసుకుని, ముందు వాసన చూసి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి రుచి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

పీట్ ప్రియుడు:
పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే మూడుసార్లు కాచడం ఆనవాయితీయే గాని చట్టం కాదు. ఐర్లండ్ ద్వీపంలోనే కాచి, అక్కడే కనీసం 3 సంవత్సరాలు చెక్క పీపాల్లో నిలవ ఉంచాలన్నది, సీసాలో ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదన్నది అసలు నియమాలు. ద్వీపమని అన్నందువల్లనే, యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోని బుష్‌మిల్స్ కూడా ఐరిష్ విస్కీ అవుతుంది. కూలీ (Cooley) అనే ఐరిష్ బట్టీవారి కానెమారా విస్కీని రెండుసార్లే కాస్తారు, పైగా అందులో పీట్ (బురద నేలల్లో తవ్వి తీసి, ఎండబెట్టి కాల్చే మట్టి ఇంధనం) పొగ వాసన నిండుగా ఉంటుంది. ఘాటు వద్దనుకునేవారికి మాత్రం పదేళ్ల బుష్‌మిల్స్ మాల్ట్ మేలని నేను చెబుతాను.

లిఫీ తీరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గ్రీన్ స్పాట్, రెడ్‌బ్రెస్ట్, జేమ్సన్ మూడూ కార్క్ దగ్గరి మిడిల్టన్‌లోనే తయారవుతున్నాయని చదివాను. ఇన్ని పేర్లు ఒకే చోటికి ఎలా చేరాయి?

కార్క్ వాసి:
మిగిలిన బట్టీలు మూతపడటం వల్లనే. డబ్లిన్‌లో సుంకాల అధికారిగా పనిచేసిన ఈనియస్ కాఫీ 1830లో నిరంతరం కాచే బట్టీకి పేటెంట్ పొందినప్పుడు, దాని నుంచి వచ్చే తేలికపాటి సరుకును అక్కడి పెద్ద వ్యాపారులు చిన్నచూపు చూశారు. స్కాట్లండ్ వారు దాన్ని అందిపుచ్చుకుని బ్లెండెడ్ స్కాచ్‌తో మార్కెట్లను గెలుచుకున్నారు. ఆపైన అమెరికాలో మద్యనిషేధం, 1930లలో బ్రిటన్‌తో వాణిజ్య యుద్ధం వచ్చిపడ్డాయి. 1966లో జేమ్సన్, పవర్స్, కార్క్ డిస్టిలరీస్ అనే మూడు విస్కీ సంస్థలు ఒక్క సంస్థగా కలిశాయి, 1975లో మిడిల్టన్‌లో కొత్త బట్టీ మొదలైంది. ఆ దశకం చివరికి ద్వీపమంతటా పనిచేస్తున్నవి అదీ బుష్‌మిల్సూ మాత్రమే. ఇప్పుడు పరిస్థితి ఎంతో మారింది. మీ ఊళ్లోనే, లిబర్టీస్ ప్రాంతంలో 2015లో తెరిచిన టీలింగ్ బట్టీకి వెళ్లండి. అక్కడ రాగి బట్టీలను దగ్గర నుంచి చూపించి, రుచి కూడా చూపిస్తారు.