1974 డేవిస్ కప్ ఫైనల్ ఆడకుండా వదులుకోవడం సరైనదేనా?

సర్వ్‌వాలీ:
ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. దేశాల జట్లు తలపడే డేవిస్ కప్‌లో మన పురుషుల టెన్నిస్ జట్టు ఫైనల్‌కు మూడుసార్లు వచ్చింది. 1966లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 4-1తో, 1987లో గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ చేతిలో 5-0తో ఓడిపోయింది. మధ్యలో వచ్చిన 1974 ఫైనల్ అసలు ఆడనే లేదు. అవతల ఉన్నది దక్షిణాఫ్రికా. అక్కడి వర్ణవివక్షకు నిరసనగా మనం తప్పుకున్నాం, కప్పు వాళ్లకు వాకోవర్‌లో వెళ్లిపోయింది.

ఆ ఏడాది మనవాళ్లు ఎలా ఆడారో చూడండి. కలకత్తాలో అంతకుముందు ఏడాది విజేత ఆస్ట్రేలియాను 3-2తో ఓడించారు. ఆ పోరులో మొత్తం 327 గేమ్‌లు జరిగాయి. డబుల్స్‌లో విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ అన్నదమ్ములు ఆస్ట్రేలియా జంట అలెగ్జాండర్, డిబ్లీలను 17-15, 6-8, 6-3, 16-18, 6-4తో గెలిచారు. ఒక్క మ్యాచ్‌లో 99 గేమ్‌లు! తర్వాత పుణేలో మెట్రెవెలీ లాంటి మేటి ఆటగాడున్న సోవియట్ జట్టును కూడా దాటారు. విజయ్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. అంతకుముందు ఏడాదే వింబుల్డన్‌లోనూ యూఎస్ ఓపెన్‌లోనూ క్వార్టర్ ఫైనల్ చేరాడు.

నా ఉద్దేశంలో ఆడాల్సింది. వివక్ష చూపే దేశాన్ని కోర్టులోనే ఓడించి ఉంటే, ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగిలేది.

ఎర్రమట్టి కోర్టు:
గెలిచేవాళ్లమని ఎలా అనుకుంటున్నారు అన్నా? కలకత్తాకు వచ్చిన ఆస్ట్రేలియా జట్టులో వాళ్ల మేటి ఆటగాళ్లు లేవర్, న్యూకోంబ్ లేరు. దక్షిణాఫ్రికాకేమో హ్యూయిట్, మెక్‌మిలన్ ఉన్నారు. అప్పటికే రెండుసార్లు వింబుల్డన్ డబుల్స్ గెలిచిన జంట. మన బలం డబుల్స్‌లో ఉంటే, వాళ్ల బలం కూడా అక్కడే. ఛాన్స్ ఉంది, అంతే. కప్పు చేతిలోకి వచ్చి జారిపోయిందన్నట్టు మాట్లాడకూడదు.

సాగరతీరం:
గెలుపు ఓటముల లెక్క పక్కన పెడదాం. నేను డర్బన్‌లో మూడేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. 1860 నుంచి చెరకు తోటల పనికి ఒప్పందం మీద మద్రాసు నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల మునిమనవలు. నాయుడు, రెడ్డి అనే పేర్లు అక్కడ మామూలే. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

ఉగాదికి ఒక పెద్దాయన భోజనానికి పిలిచారు. ఆయనకు టెన్నిస్ అంటే ప్రాణం. కుర్రతనంలో రాకెట్ కొనుక్కున్నా, మంచి కోర్టులన్నీ తెల్లవాళ్లవే కాబట్టి కంచె బయట నిలబడి చూసేవారట. ఏ రంగువాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే 1950 నాటి చట్టం కింద వాళ్ల కుటుంబాన్ని పాత ఇంటి నుంచి ఖాళీ చేయించారు. 1974 గురించి నేనే అడిగాను. ఇండియా రానంటుందని తెలిసినప్పుడు, మా గురించి ఎవరో ఆలోచించారని ఇంట్లో అందరూ అనుకున్నారని చెప్పారు. ఆ మాట తెలుగులోనే చెప్పారు, కొంచెం తడబడుతూ.

సర్వ్‌వాలీ గారూ, ఆ జట్టులోకి ఆయనలాంటి కుర్రాడు వచ్చే దారే లేదు. అలాంటి జట్టుతో నెట్ దగ్గర చేతులు కలిపితే, దాన్ని దేశం జట్టు అని మనమూ ఒప్పుకున్నట్టే కదా? పైగా మనది అప్పటికప్పుడు పుట్టిన కోపం కాదు. అక్కడి భారతీయుల సంగతి మనం 1946లోనే ఐక్యరాజ్య సమితిలో లేవనెత్తాం, వ్యాపారం కూడా మానేశాం. సరుకులు అమ్మం కానీ టెన్నిస్ ఆడతాం అంటే కుదరదు.

సర్వ్‌వాలీ:
మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. అయినా ఒక్క మాట. ఆర్థర్ యాష్ అమెరికాకు చెందిన నల్లజాతి ఆటగాడు. ఆయనకు వీసా కూడా ఇవ్వని దేశం అది. చివరికి 1973లో వీసా తెచ్చుకుని, ప్రేక్షకులను రంగు చూసి విడిగా కూర్చోబెట్టకూడదని షరతు పెట్టి, జోహాన్నెస్‌బర్గ్‌లో ఆడాడు. సింగిల్స్ ఫైనల్ దాకా వెళ్లాడు, డచ్ ఆటగాడు టామ్ ఓకర్‌తో కలిసి డబుల్స్ గెలిచాడు. వెళ్లి ఆడటం కూడా పోరాటమేనని యాష్ నమ్మాడు. మనం ఎందుకు నమ్మకూడదు?

రెండో సర్వీస్:
యాష్ కథ అక్కడితో ఆగలేదు కదండీ. అడిగిన షరతు అక్కడ పూర్తిగా అమలు కాలేదు. తర్వాత ఆయనే బహిష్కరణ వైపు వచ్చాడు. 1983లో గాయకుడు బెలఫాంటేతో కలిసి వర్ణవివక్షకు వ్యతిరేకంగా కళాకారుల, క్రీడాకారుల సంఘం పెట్టాడు. 1985లో వాషింగ్టన్‌లో దక్షిణాఫ్రికా ఎంబసీ ముందు నిరసన చేస్తూ అరెస్టయ్యాడు. వెళ్లి ఆడి చూసిన మనిషే ఆడొద్దని చెప్పాడంటే, అంతకంటే పెద్ద సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? మెక్సికో కూడా 1975లో వాళ్లతో ఆడనంది.

నాకున్న అభ్యంతరం వేరు. 1973లో యుగోస్లావియా ఆటగాడు పిలిచ్‌ను సస్పెండ్ చేసినందుకు దాదాపు 80 మంది ఆటగాళ్లు వింబుల్డన్ మానేశారు. అది ఆటగాళ్ల సొంత సంఘం తీసుకున్న నిర్ణయం. మన 1974 నిర్ణయం అలాంటిది కాదు. అది దేశం విధానం, టెన్నిస్ సంఘం మాట. వదులుకున్నది మాత్రం ఆ కుర్రాళ్లు. మళ్లీ ఫైనల్‌కు రావడానికి పదమూడేళ్లు పట్టింది. అప్పుడూ విజయ్, ఆనంద్ ఉన్నారు, కానీ వయసు మీద పడింది. స్వీడన్ ఏమో ఇండోర్ క్లే మీద ఆడించింది. గడ్డి మీద పెరిగిన మనవాళ్లకు అంతకంటే కష్టమైన కోర్టు లేదు.

సర్వ్‌వాలీ:
సరే, ఆడాల్సిందని ఇక అనను. డర్బన్ పెద్దాయన మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ మనం ఆ నిర్ణయం గురించి గర్వంగా చెప్పుకున్నప్పుడల్లా దేశం పేరే చెబుతాం. విజయ్, ఆనంద్, శశి మీనన్, జస్జీత్ సింగ్ పేర్లు ఎవరూ చెప్పరు. ఆ త్యాగం వాళ్లది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆ ఏడాది కలకత్తా స్టాండ్స్‌లో కూర్చుని ఆ 99 గేమ్‌ల డబుల్స్ చూసినవాళ్లు, లేదా ఇంట్లో పెద్దలు చెప్పగా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. నాలుగో సెట్ 16-18తో పోయాక కూడా ఐదో సెట్‌కు ఆ ఊపు ఎలా తెచ్చుకున్నారో తెలుసుకోవాలని ఉంది.