పదును అంటే వాడి ఒక్కటేనా?

ప్రశ్న: "పదునైన కత్తి" అంటాం. వాన పడ్డాక "నేల పదునుగా ఉంది" అనీ అంటాం. కత్తి వాడికీ నేల తడికీ ఏం సంబంధం? ఇవి రెండు వేరే మాటలా?

జవాబు: ఒకే మాటండీ. పనికి సరిగ్గా వచ్చిన స్థితే పదును. తమిళంలో "పదం", కన్నడంలో "హద" అనే మాటలు దీని చుట్టాలే.

మా వైపు సాన పట్టించడం వేరు, పదును పెట్టించడం వేరు. సాన అంచును అరగదీస్తుంది, అంతే. పదునుకైతే గొడ్డలిని కమ్మరి దగ్గరికి పట్టుకెళ్లాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి, అంచు సాగగొట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతాడు. చుయ్‌మంటుంది చూశారూ, అసలు పని అక్కడ జరుగుతుంది. 727 డిగ్రీలు దాటితే ఉక్కులో పరమాణువుల అమరిక మారి, కార్బన్ అందులో కరగడం మొదలవుతుంది. మెల్లగా చల్లారనిస్తే ఆ కార్బన్ విడిపోయి ఉక్కు మెత్తబడుతుంది. నీళ్లలో ముంచితే విడిపోయే వ్యవధే ఉండదు, లోపలే ఇరుక్కుపోతుంది. ఆ బిగువుకే మార్టెన్‌సైట్ అని పేరు. మహా గట్టిది, కానీ గాజులా పెళుసు. అలాగే వదిలేస్తే మొదటి దెబ్బకే అంచు పెచ్చులూడుతుంది.

అందుకని అంచు మెరిసేలా రుద్ది, సన్న సెగన మళ్లీ వెచ్చచేస్తూ రంగు చూస్తారు. సుమారు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, తర్వాత ఊదా, 300 దగ్గర నీలం. చాకుకు గడ్డి రంగు చాలు. దెబ్బలు తినే గొడ్డలికి ఇంకాస్త ముందుకు పోవాలి. ఎక్కడ ఆపాలో కమ్మరికి కంటితోనే తెలుస్తుంది.

ఆ మధ్య మా వంటింటి చాకును వీధిలో మిషను సాన పట్టే అతనికిచ్చాను. నీళ్లు తగలనివ్వకుండా ఒకటే రాపిడి! అంచు పొడుగునా నీలం చార పడింది. ఇంటికి తెచ్చినప్పుడు వెంట్రుక తెగేంత వాడి. వారం తిరగకుండానే టమాటా తొక్కలో దిగనంది. వాడి వచ్చింది, పదును పోయింది.

ఇంకొకరు: బాగా చెప్పారు సార్. నేల సంగతి నేను చెప్తా. మాది నల్లరేగడి. వాన వెలిసిన మర్నాడే అరక కడితే కర్రుకు బంకలా అంటుకుంటుంది. మరీ ఆగితే ఇటుకల్లాంటి గడ్డలు లేస్తాయి. మా నాన్న పిడికెడు మట్టి తీసి నొక్కేవాడు. ఉండ కట్టాలి, బొటనవేలితో నెడితే పొడిపొడిగా రాలాలి. అలా రాలితే, "పదును ఆరకముందే విత్తనం పడాల్రా" అని ఇంట్లో అందర్నీ లేపేవాడు.