అందరి కాల్ రికార్డులూ గంపగుత్తగా దాచుకోవడాన్ని ఎలా ఆపాలి?

వెన్నెల22: ఏ నేరారోపణా లేని మామూలు జనం ఫోన్ రికార్డుల్ని కూడా ప్రభుత్వాలు పోగేసి దాచుకుంటున్నాయి. కోర్టుకెళ్లడం, ఎన్‌క్రిప్షన్, ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు... ఏది పనిచేసింది? ఎంతకాలం పట్టింది?

గడపదాటనివాడు: ముందు నా గోడు వినండి. ఏదో కేసులో ఇరుక్కున్నవాడు రాంగ్ నంబర్ కొట్టి నాతో 40 సెకన్లు మాట్లాడాడు. ఆ ఒక్క లైను పట్టుకుని నన్ను మూడుసార్లు పిలిపించారు. మూడోసారి నేను తిరిగొచ్చేదాకా మా అమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

నికార్సు: తప్పు చేయనివాడికి భయమెందుకండీ? మీ మాటలెవరూ వినలేదుగా, వట్టి నంబర్లే.

టవర్‌మాస్టర్: వట్టి నంబర్లా! పదకొండేళ్లు ఆ రికార్డుల మధ్యే పనిచేశాను, నాకు చెప్పకండి. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్ని సెకన్లు, ఏ టవర్ కింద, ఏ హ్యాండ్‌సెట్ నుంచి, అన్నీ ఉంటాయి. అర్ధరాత్రి ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కి 18 నిమిషాలు ఫోన్ చేశారంటే ఇక లోపలి మాట వినాలా?

నికార్సు: అది కంపెనీ బిల్లు కోసం ఉంచేదే కదా.

టవర్‌మాస్టర్: బిల్లుకి ఉంచడం వేరు, అందరివీ ఒకచోట పోసి వెతకడం వేరు. అమెరికాలో ఎన్‌ఎస్‌ఏ అనే నిఘా సంస్థ చేసింది రెండోది. ఒక నంబర్ పట్టుకుని, అది మాట్లాడిన నంబర్లు, మళ్లీ అవి మాట్లాడినవి, ఇలా మూడు అంచెలు వెళ్లేవారు. మనిషికి 100 మంది పరిచయమనుకోండి, మూడో అంచెకి 10 లక్షలు. అందులో మీరూ ఉంటారు.

నికార్సు: ఉగ్రవాదుల్ని పట్టుకోవాలంటే తప్పదు. పోయిన నా బండి కూడా కెమెరా వల్లే దొరికింది.

సిరా: బండి గొడవకి వేరే చర్చ పెట్టుకోండి. ఎవర్ని పట్టుకున్నారట? అమెరికాకు ముప్పున్న కేసుల్లో ఈ కాల్ రికార్డుల వల్ల దర్యాప్తు ఫలితం మారిన ఉదంతం ఒక్కటీ కనబడలేదని అక్కడి పర్యవేక్షణ బోర్డే 2014 జనవరిలో తేల్చింది.

అలలు: మొహాలు గుర్తుపట్టే కెమెరాల సంగతి ఎవరూ ఎత్తరేం? నగర శాఖలు వాటిని వాడకూడదని శాన్‌ఫ్రాన్సిస్కో 2019లోనే నిషేధించింది.

గడపదాటనివాడు: నేనైతే వాట్సాప్‌కి మారిపోయాను. అంతా ఎన్‌క్రిప్షనే.

టవర్‌మాస్టర్: మళ్లీ మొదటికొచ్చారు! మాట దాగుతుంది, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో దాగదు. ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది అదే.

గడపదాటనివాడు: నా మీద అరవకండి సార్. మూడుసార్లు వెళ్లొచ్చింది నేను, మీరు కాదు.

వెన్నెల22: ఎంతకాలం పట్టిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సిరా: ఎన్‌ఎస్‌ఏలో పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన రహస్య పత్రాలు 2013 జూన్‌లో వెలుగులోకొచ్చాయి. అలా గంపగుత్తగా పోగెయ్యడానికి చట్టంలో అనుమతి లేదని 2015 మేలో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది, జూన్‌లో చట్టం మార్చారు. ఇలాంటి నిఘా మీదే బ్రిటన్‌పై 2013లో వేసిన కేసుకి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు తుది తీర్పు 2021 మే 25న గానీ రాలేదు. కేసు వేసినవాళ్లు గెలిచారు. అయినా కోర్టు గంపగుత్త నిఘాని మొత్తంగా కొట్టెయ్యలేదు, స్వతంత్ర సంస్థ ముందస్తు అనుమతి లాంటి కట్టుబాట్లు లేవని మాత్రమే తప్పుబట్టింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది.

వెన్నెల22: ఎనిమిదేళ్లా! సరే, ఇక్కడ ఎవరైనా కేసు వేస్తే నా పేరు రాసుకోండి.

గడపదాటనివాడు: నాది కూడా.