డల్లాస్‌లో బస్సు రూట్ చూపించట్లేదు, యాప్ ప్రాబ్లమా?

లైసెన్స్_రాలేదు:
సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. మాది డల్లాస్. సోమవారం కొత్త ఉద్యోగంలో చేరాలి. డ్రైవింగ్ టెస్ట్‌కి వచ్చే నెలలో గాని డేట్ దొరకలేదు. కారు మా ఆయన తీసుకెళ్తారు. బస్సులో వెళ్దామని మ్యాప్స్‌లో చూస్తే రూట్ లేదంటోంది, నడిచి పొమ్మంటోంది. బస్సు యాప్‌లో ఇంటి అడ్రస్ కొడితే సర్వీస్ ఏరియా బయట అని వస్తోంది. డిలీట్ చేసి మళ్లీ వేశా, లొకేషన్ ఆన్ చేశా, మా ఆయన ఫోన్‌లోనూ చూశా. అదే మెసేజ్. ఏ సెట్టింగ్ మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

రెడ్‌లైన్_రోజూ:
ఏ ఊరు?

లైసెన్స్_రాలేదు:
పైన రాశాను కదండీ, డల్లాస్.

రెడ్‌లైన్_రోజూ:
జిప్ కోడ్?

ఫోన్_వైద్యుడు:
ఐఫోనా, ఆండ్రాయిడా? బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే లొకేషన్ తప్పు చూపించొచ్చు. ముందు అది ఆఫ్ చేయండి. తర్వాత యాప్ క్యాష్ క్లియర్ చేసి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. నూటికి తొంభై సమస్యలు రీస్టార్ట్‌తోనే పోతాయి, ఎవరూ నమ్మరు.

లైసెన్స్_రాలేదు:
అవన్నీ అయ్యాయండీ. జిప్ 75035. ఆఫీసు రిచర్డ్‌సన్‌లో, సిటీలైన్ దగ్గర.

రెడ్‌లైన్_రోజూ:
అది ఫ్రిస్కో. డార్ట్ (డల్లాస్ చుట్టుపక్కల బస్సులు, రైళ్లు నడిపే సంస్థ) ఫ్రిస్కోకి రాదు. యాప్ బాగానే ఉంది.

లైసెన్స్_రాలేదు:
అందరూ డల్లాస్ అనే అంటారుగా! ఇంత పెద్ద ఊరికి ఒక్క బస్సు కూడా ఉండదా? ప్లేనో పక్కనే ఉంది, అక్కడ రైలే తిరుగుతోంది.

పన్నుల_మామయ్య:
అమ్మా, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ గరిష్ఠంగా 8.25 శాతం. అందులో రాష్ట్రానిది 6.25. మిగిలిన 2 శాతమే ఊళ్లకు, అంతకు మించి వేయడానికి చట్టం ఒప్పుకోదు. 1983లో ఓటు వేసి డార్ట్‌ను ఏర్పాటు చేసుకున్న ఊళ్లు ఆ రెండులో ఒక శాతం దానికి రాసిచ్చాయి. 2025 నాటికి 13 ఊళ్లున్నాయి: డల్లాస్, ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్, గార్లండ్, క్యారల్‌టన్ వగైరా. ఫ్రిస్కో అప్పటికి చిన్న ఊరు. పెరిగేటప్పుడు ఆ ఒక శాతాన్ని అర, అర చొప్పున రెండు డెవలప్‌మెంట్ కార్పొరేషన్లకు ఇచ్చుకుంది. కంపెనీలను రప్పించడానికి ఒకటి, పార్కులకూ స్టేడియాలకూ ఒకటి. కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ వాళ్ల ద స్టార్ కాంప్లెక్స్ కట్టడానికి కూడా అందులోంచి వెళ్లింది. ఇప్పుడు డార్ట్‌లో చేరాలంటే ఆ రెండిట్లో కోత పెట్టాలి. ఏ కౌన్సిల్ ముందుకొస్తుంది?

రాష్ట్రం ఇవ్వొచ్చు కదా అంటారు. పెట్రోలు మీద గ్యాలన్‌కి 20 సెంట్లు తీసుకుంటుంది గానీ, అందులో మూడొంతులు రోడ్లకూ ఒక వంతు బడులకూ అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కేంద్రం తీసుకునే 18.4 సెంట్లలో బస్సులకూ రైళ్లకూ వెళ్లేది 2.86 సెంట్లు. ఆ 18.4 కూడా 1993 నుంచి ఒక్క సెంటు పెరగలేదు. పైగా రెండు లక్షల జనాభా దాటిన నగర ప్రాంతాల్లో కేంద్రం డబ్బుతో బస్సు కొనుక్కోవచ్చు గానీ, డ్రైవర్ జీతం, డీజిల్ లాంటి రోజువారీ ఖర్చుకి మామూలుగా వాడనివ్వరు. చిన్న సంస్థలకు కొన్ని మినహాయింపులున్నాయి. ఆ ఖర్చు మోసేది సేల్స్ ట్యాక్సే. అది లేని ఊరికి బస్సూ లేదు.

లైసెన్స్_రాలేదు:
అర్థమైందండీ. మరి సోమవారం నేనెలా వెళ్లాలి?

గోదారోడు:
మన దగ్గరే నయం. తెలంగాణలో 2023 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ ఫ్రీ. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలోనూ ఫ్రీ. ఇక్కడ డబ్బులిస్తామన్నా బస్సు లేదు. అగ్రరాజ్యం అంట!

పన్నుల_మామయ్య:
ఫ్రీ అనకండి బాబూ. ఆ టికెట్ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఎవరో ఒకరు కడతారు.

గోదారోడు:
కడితే కట్టనీండి. బస్సు వస్తోందా లేదా?

రెడ్‌లైన్_రోజూ:
మీ ఆయన ఆఫీసు ఎక్కడ?

లైసెన్స్_రాలేదు:
ప్లేనోలో, లెగసీ వైపు.

రెడ్‌లైన్_రోజూ:
అది ముందే చెప్పాల్సింది. రెండు దార్లు. ఆయన మిమ్మల్ని ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్‌లో దింపితే డార్ట్ రెడ్ లైన్ రైలు ఎక్కండి. డౌన్‌టౌన్ ప్లేనో, 12వ స్ట్రీట్ దాటగానే సిటీలైన్/బుష్. ఆయనకి అది చుట్టు అయితే, ఆయన ఆఫీసు దాకా కార్లో వెళ్లి, అక్కడి నుంచి స్టేషన్ దాకా గోలింక్ (ఫోన్‌లో బుక్ చేసుకుంటే వచ్చే డార్ట్ వ్యాన్) దొరుకుతుందేమో చూడండి. 121 టోల్‌వేకి దక్షిణం వైపు ప్లేనోయే, అక్కడ గోలింక్ జోన్లున్నాయి. ఇంటి అడ్రస్ తీసేసి ఆయన ఆఫీసు అడ్రస్ పెట్టి చూడండి, బుకింగ్ తీసుకుంటుంది. ఫ్రిస్కో వాళ్లని ఎక్కువ టికెట్ ఏమీ అడగరు.

స్టీరింగ్_స్వామి:
గోలింక్‌ని పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ అనడం అన్యాయం. సబ్సిడీ ట్యాక్సీ అది. పక్కనున్న ఆర్లింగ్టన్ ఊరు 2017 నుంచి ఇలాంటి వ్యాన్లతోనే నెట్టుకొస్తోంది, టైముకి వచ్చే రూటు బస్సు ఒక్కటీ లేదు. స్టేడియం మాత్రం ఉంది.

పన్నుల_మామయ్య:
నలుగురిని కలిపి ఎక్కించుకుంటే ట్యాక్సీ ఎలా అవుతుంది? టికెట్ కూడా బస్సు టికెట్టే.

స్టీరింగ్_స్వామి:
పావుగంటకోసారి వచ్చేది బస్సు. ఫోన్‌లో బతిమాలితే వచ్చేది ట్యాక్సీ. వందమంది ఒకేసారి బతిమాలితే మీ వ్యాను ఏం చేస్తుంది?

గోదారోడు:
షేర్ ఆటో అనుకోండి, పోయె.

కొప్పెల్_కాపురం:
అమ్మా, పార్కర్ రోడ్ మీద మరీ ఆశలు పెట్టుకోకు. ప్లేనో కౌన్సిల్ డార్ట్ నుంచి బయటికి వెళ్లాలా వద్దా అని 2026 మేలో ఓటు పెడదామని 2025 నవంబర్లో తీర్మానం చేసింది. ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ కూడా. వాళ్ల బాధ వాళ్లది. డార్టే చేయించిన లెక్క ప్రకారం 2023లో ప్లేనో ఇచ్చింది దాదాపు 109 మిలియన్ డాలర్లు, ప్లేనోలో ఖర్చయింది సుమారు 44 మిలియన్లు. మా కొప్పెల్ ఊరు 1989లోనే డార్ట్ నుంచి బయటపడింది, ఏం కొంపలు మునగలేదు.

రెడ్‌లైన్_రోజూ:
ఆ లెక్కలో ప్లేనో మనిషి డల్లాస్‌లో దిగితే ఆ లాభం ఎవరి ఖాతాలో వేశారు?

పన్నుల_మామయ్య:
అసలు మెలిక అక్కడే ఉంది. వెళ్లిపోవాలని ఓటేస్తే, ఫలితం ఖాయం చేసిన మర్నాడే ఆ ఊళ్లో సర్వీసు ఆగిపోతుంది. పన్ను మాత్రం ఆ ఊరి వాటా అప్పు తీరేదాకా వసూలవుతూనే ఉంటుంది. బస్సు ఉండదు, పన్ను ఉంటుంది. ఇంకోటి ఎవరూ మాట్లాడరు. వికలాంగులకు ఇంటికొచ్చే వ్యాన్ కేంద్ర చట్టం ప్రకారం రూటు బస్సుకి ముప్పావు మైలు లోపలే తప్పనిసరి. రూటే లేకపోతే ఆ బాధ్యతా ఉండదు. 2025 అక్టోబర్లో డార్ట్ సిల్వర్ లైన్ రైలు మొదలైంది, ఎయిర్‌పోర్ట్ నుంచి ప్లేనో దాకా 26 మైళ్లు. అది మొదలైన కొద్ది రోజులకే ఈ తీర్మానాలు చేశారు, చూడండి!

కొప్పెల్_కాపురం:
ఖాళీగా తిరిగే రైలుకి మేమెందుకు కట్టాలి?

స్టీరింగ్_స్వామి:
మీరు కట్టట్లేదు కదండీ, 1989లోనే బయటపడ్డామన్నారు.

ఫోన్_వైద్యుడు:
ఇంతకీ రీస్టార్ట్ చేశారా?

లైసెన్స్_రాలేదు:
మా ఆయన ఆఫీసు అడ్రస్‌తో బుకింగ్ తీసుకుంది. థాంక్స్ అండీ. సాయంత్రం నేను ఏడింటికి గాని బయటపడను, ఆయనకి అయిదింటికే అయిపోతుంది. పార్కర్ రోడ్ నుంచి ఇంటికి ఎలాగో కూడా చెప్పండి.

గోదారోడు:
మామయ్యా, ఆ సిల్వర్ లైన్ ఎయిర్‌పోర్ట్‌లో ఏ టెర్మినల్‌కి వెళ్తుంది? మా అత్తగారు వస్తున్నారు.

పన్నుల_మామయ్య:
టెర్మినల్ బి. ఆరెంజ్ లైన్ రైలు అయితే టెర్మినల్ ‘ఎ’కి, 2014 నుంచి ఉంది. ఆవిడ ఏ ఎయిర్‌లైన్స్‌లో వస్తున్నారు?