తడిసిన నూకల మీద పుట్టిన నారింజ బూజుతో నూలుకి రంగు వేయొచ్చా?

కోవూరు మిల్లు:
మాది కోవూరు దగ్గర చిన్న రైస్ మిల్లు. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు షెడ్డు కారి, మూలనున్న నూకల బస్తా తడిసింది. తర్వాత చూస్తే కుట్టు వెంబడి నారింజ రంగు పొడి పొంగుకొచ్చి ఉంది. వేలు పెడితే కుంకుమపువ్వు రంగులో అంటుకుంది. మా అమ్మ పుట్టిల్లు పాటూరు, అక్కడ మామయ్య వాళ్లు మగ్గం నేస్తారు. బూజుల నుంచి సహజ రంగులు తీస్తారని వీడియో చూశాను. మా దగ్గర నూకలు, తవుడు, ఊక దేనికీ కొదవ లేదు. ఈ బూజునే పెంచి నూలుకి రంగు వేయొచ్చా? మిఠాయిల్లో కలపడానికి కూడా అమ్మొచ్చని ఒకాయన అంటున్నాడు, నిజమేనా?

ఒంగోలు లెక్చరర్:
తమ్ముడూ, ముందు ఆ బస్తాని దులపొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతికి మాస్కు కట్టుకుని, పైన కాస్త నీళ్లు చిలకరించి, బస్తాతో సహా పూడ్చిపెట్టండి. కోళ్ల దాణాలో మాత్రం కలపకండి. తడిసిన నూకల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేసే బూజులు కూడా పెరుగుతాయి, ఆ విషం కంటికి ఆనదు.

మీరు చెప్పిన తీరు చూస్తే అది న్యూరోస్పోరా అనే బూజు అయ్యుండొచ్చు. ఇండోనేషియాలో వేరుశనగ చెక్క మీద ఈ జాతినే పెంచి ఒంచోమ్ అనే వంటకం చేస్తారు. అయితే వాళ్లు పెంచేది తెలిసిన తోడుతో. రంగు చూసి ఇది ఫలానా బూజు అని చెప్పేయడం మైక్రోస్కోపు ముందు కూర్చునే నాకే సాధ్యం కాదు. పైగా దాని రంగు కెరోటినాయిడ్, అంటే క్యారెట్‌లో ఉండే రకం రంగు, నీళ్లలో కరగదు. అద్దకం తొట్టిలోకి దిగదు.

వీడియోలో చూసింది వేరే బూజు, మొనాస్కస్ పర్‌ప్యూరియస్ అనుకుంటా. చైనాలో వందల ఏళ్లుగా అన్నం మీద పెంచుతున్నారు. మన ఎర్రబియ్యంతో దానికి సంబంధం లేదు, మామూలు తెల్ల బియ్యమే బూజు పట్టి ఎర్రబడుతుంది. చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణేలోని ఎన్‌సీఐఎం అనే సూక్ష్మజీవుల బ్యాంకులు ఇలాంటి శుద్ధమైన కల్చర్లు (తోడుగా వేసే బూజు) ఇస్తాయి. ఏదైనా కాలేజీ ల్యాబ్ ద్వారా తెప్పించుకోండి.

మీ మూడింట్లో నూకలే బంగారం. ఊకలో ఉండేది ఎక్కువగా సిలికా, లిగ్నిన్, పీచు. ఈ బూజుకి కావాల్సిన పిండి అందులో లేదు. గాలి ఆడటానికి గుప్పెడు కలపొచ్చు, అంతే. తవుడు నత్రజని ఇస్తుంది గానీ తాజాది కావాలి, నిల్వ ఉంటే నూనె ముక్కిపోతుంది. తిరువనంతపురంలోని ఎన్‌ఐఐఎస్‌టీ అనే కేంద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పనస గింజల పొడి మీద ఇదే బూజు పెంచి రంగు తీశారు. పిండి ఉన్న వ్యర్థం ఏదైనా పనికొస్తుందన్నమాట.

నూకలు నానబెట్టి వార్చాక తేమ 50–60 శాతం ఉండాలి. పిడికిలి పట్టి వదిలితే గింజలు విడిపోవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ముద్దగా ఉంటే లోపలికి గాలి అందక బాక్టీరియా పుల్లబెడుతుంది. పుట్టగొడుగుల వాళ్లు వాడే పాలీప్రొపిలీన్ కవర్లో పోసి, దూది బిరడా పెట్టి, 121 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టండి. చల్లారాక కల్చర్ కలిపి, 30 డిగ్రీల గదిలో పెట్టి, ఉండ కట్టకుండా కవరు కదుపుతుండండి. ముందు తెల్లగా, తర్వాత నారింజగా, వారం పది రోజుల్లో ముదురు ఎరుపుకి వస్తుంది. గింజను గోటితో విరిస్తే నడిమధ్య కూడా ఎర్రగా ఉండాలి. ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే కవరు విప్పకుండా అలాగే కుక్కర్లో ఉడికించి పారేయండి. మన రోహిణి కార్తె ఎండల్లో షెడ్డులో ఇది కుదరదు.

మిఠాయిల మాట మర్చిపోండి. ఈ బూజు చాలాసార్లు సిట్రినిన్ అనే విషాన్ని కూడా తయారు చేస్తుంది, అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మొనాస్కస్‌లో దాన్ని 1995లో గుర్తించారు. యూరప్‌లో ఈ బూజు బియ్యంతో చేసే సప్లిమెంట్లలో సిట్రినిన్‌కి కిలోకి 2000 మైక్రోగ్రాముల దాకా ఉన్న పరిమితిని 2019లో 100కి దించేశారు. మన దేశంలో అనుమతి ఉన్న ఆహార రంగుల్లో ఇది లేదు. పిల్లలు తినే లడ్డూలో ఎవరైనా కలుపుతానంటే నేను ఊరుకోను.

పాటూరు అద్దకం:
అబ్బాయ్, నూలు మీద ఇది తేలిగ్గా నిలవదు. పట్టు బాగా పీలుస్తుంది. నూలే కావాలంటే కరక్కాయ కషాయంలో నానబెట్టి, పటిక పట్టించి, అప్పుడు ముంచు. ఎండకి వెలిసే గుణం కూడా ఉంది, అందుకే ఆరేసేది నీడలోనే. చిన్న ముక్క అద్ది, సగానికి అట్ట కప్పి ఎండలో పెట్టి చూడు. రెండు సగాలకీ తేడా కొట్టొచ్చినట్టుంటే చీరకి వాడకు. కొన్నవాళ్లు తిట్టేది మగ్గం మీద కూర్చున్నవాడినే.

కోవూరు మిల్లు:
బస్తా పూడ్చేశాం మేడమ్. కొత్త నూకలు తెస్తే మీ ల్యాబులో ఒకసారి చేసి చూపిస్తారా?

ఒంగోలు లెక్చరర్:
తప్పకుండా. కల్చర్ రాగానే ఇక్కడే చెబుతాను. నూకలు ఆ వారం ఆడించినవే తీసుకురండి, పురుగుమందు పొగ పెట్టిన బస్తాల్లోవి వద్దు. మీ మామయ్యని అడిగి ఉడికించిన పట్టు ఒక చిలప, నూలు ఒక చిలప కూడా తెండి. రంగు తీశాక సిట్రినిన్ పరీక్షకి శాంపిల్ పంపుదాం. బట్టకే అయినా, తొట్టిలో చేతులు పెట్టేది అద్దేవాళ్లు కదా.